ఐదుగురి గ్రూపు, 17 కోట్ల దేశం

వరి కోతలయ్యాక ఊళ్ళో పెద్ద రైతుల ఇళ్ళ ముందు ఆడవాళ్ళు తెల్లవారకముందే వచ్చి నిలబడేవాళ్ళట. ఎండిన వరి పనల్ని కాళ్ళతో తొక్కి, మెలితిప్పి గింజ రాల్చే పని అది. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా నిలబడే చెయ్యాలి. చేతిలో పనిముట్టంటూ ఏదీ ఉండదు. ముందుగా వచ్చినవాళ్ళకి దక్కే లాభం ఒక్కటే, గోడ పక్కన చోటు. గోడకి చెయ్యి ఆనించి, ఒంటి బరువు కాస్త దానిమీద వేసి తొక్కచ్చు. ఆ గోడ కోసం పోటీ.

1970ల మధ్యలో, బంగ్లాదేశ్‌లోని జోబ్రా అనే ఊళ్ళో దీన్ని దగ్గరగా చూసిన మనిషి మహమ్మద్ యూనస్. అప్పటికి పక్కనే ఉన్న చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ శాఖకి అధిపతి. పేదలకి చిన్న అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకు పెట్టి, నోబెల్ అందుకున్నది తర్వాత. ఆయన గురించి ఎవరు అడిగినా నేను నోబెల్ కన్నా ముందు ఈ గోడ సంగతే చెప్తాను. అంత చిన్న విషయాన్ని గమనించగలగడమే ఆయన అసలు విద్య అని నా నమ్మకం. ఎప్పుడైతే ఆ చూపుకి మనుషులు అందనంత దూరమయ్యారో, అప్పుడు ఆ విద్య పనిచెయ్యలేదు.

ఆర్థికవేత్త, తర్వాత వ్యాపారవేత్త, చివరికి ప్రభుత్వాధినేత. ఈ మూడు మెట్లూ చూసి మనవాళ్ళలో చాలామంది ముచ్చటపడ్డారు. 2024 ఆగస్టు 8న ఆయన బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వాధినేతగా ఢాకాలో ప్రమాణం చేసిన రాత్రి మా స్నేహితుల వాట్సాప్ గ్రూపు నిండా ఒకటే మాట, "రావాల్సింది ఇలాంటివాళ్ళే కదా" అని. నేనూ అదే రాశాను. ఇప్పుడైతే రాయను. ఆయన మీద గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. ఒక చోట గెలిచిన మనిషి అన్ని చోట్లా గెలుస్తాడన్న నమ్మకం మాత్రం నాలో పోయింది. ఎందుకు పోయిందో చెప్పాలంటే మొదటినుంచీ రావాలి.

నిజానికి ఆ మూడు మెట్ల లెక్కే సరిగ్గా లేదు. యూనస్ 1940లో చిట్టగాంగ్ దగ్గరి బథువా అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి నగల వ్యాపారి. ఢాకా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి, 1961లో చిట్టగాంగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరారు. పాఠాలు చెప్తూనే ఒక ప్యాకేజింగ్ ఫ్యాక్టరీ పెట్టి లాభాల్లో నడిపారు. అంటే అమెరికా వెళ్ళి వాండర్‌బిల్ట్‌లో పీహెచ్‌డీ చెయ్యకముందే వ్యాపారం తెలిసినవాడు. ప్రజాసేవ కూడా ముసలితనంలో వచ్చిన ఆలోచనేం కాదు. 1971లో విముక్తి యుద్ధం జరుగుతుంటే, టెన్నెసీలో పాఠాలు చెప్పుకుంటున్న ఈ కుర్ర ప్రొఫెసరు అక్కడి బెంగాలీలని కూడగట్టి, వాషింగ్టన్‌లో బంగ్లాదేశ్ సమాచార కేంద్రం నడిపి, పత్రిక తెచ్చారు. 1972లో తిరిగొచ్చి కొత్త దేశపు ప్రణాళికా సంఘంలో చేరారు. రోజంతా పేపరు చదవడం తప్ప పనేమీ కనపడక రాజీనామా ఇచ్చేసి విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. ముగ్గురు మనుషులూ ఆయనలో మొదటినుంచీ ఉన్నారు.

1974లో కరువొచ్చింది. ఆ కరువు మీద అమర్త్యసేన్ తర్వాత చేసిన పరిశోధన తెలిసిందే. 1971 నుంచి 1975 వరకు చూస్తే, తలసరి తిండిగింజల లభ్యత ఎక్కువగా ఉన్న ఏడాది 1974. అంటే గింజలున్నాయి. వరదల వల్ల కూలి పనులు పోయి, ధరలు పెరిగి, కొనుక్కునే శక్తి లేనివాళ్ళు చచ్చిపోయారు. సేన్ ఆ ఆకలి ఎలా పుడుతుందో ప్రపంచానికి అర్థమయ్యేలా చెప్పారు. యూనస్‌కి తను క్లాసులో చెప్పే పాఠం మీదే నమ్మకం పోయింది. గేటు దాటి జోబ్రాలోకి నడిచారు. ఒకే భాష మాట్లాడే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒకే కరువు ముందు నిలబడి రెండు పనులు చేశారు. రెండూ కావాల్సినవే. ఎవరు ఎక్కువ అన్న పోలిక నాకు అక్కర్లేదు.

జోబ్రాలో ఆయన మొదట చేసింది అప్పులివ్వడం కాదన్నది చాలామందికి తెలియదు. అక్కడ ఒక లోతు బోరుబావి వాడకుండా పడి ఉంది. ఎండాకాలం పొలాలన్నీ బీడే. బోరు ఖర్చు దగ్గర రైతులకి పొత్తు కుదరలేదు. యూనస్ ఒక ఒప్పందం కుదిర్చారు. భూమి ఉన్నవాడు భూమి ఇవ్వాలి, కౌలుదారు కష్టం పెట్టాలి, నీళ్ళకి, విత్తనాలకి, ఎరువులకి ప్రొఫెసరు డబ్బు పెడతాడు. పంటలో తలా మూడో వంతు. పంట బ్రహ్మాండంగా వచ్చింది. కొందరు రైతులు ఇవ్వాల్సిన వాటా ఇవ్వకపోవడంతో ఆయన జేబులోంచి దాదాపు 13 వేల టాకాలు (అక్కడి రూపాయలు) పోయాయి. అయినా బీడు పచ్చబడింది కాబట్టి ఆయన దృష్టిలో అది గెలుపే. ఆ పద్ధతికి తర్వాత ప్రభుత్వ పురస్కారం కూడా వచ్చింది.

ఇంకొకరైతే అక్కడితో ఒక పరిశోధనా పత్రం రాసుకుని ఊరుకునేవాళ్ళు. ఆ పంట నూర్పిళ్ళ దగ్గరే యూనస్ గోడ పక్కన చోటు కోసం పోటీపడే ఆడవాళ్ళని చూశారు. పంట పెరిగినందుకు భూమి ఉన్నవాడికి ఎక్కువ వచ్చింది, కౌలుదారుకి కొంత వచ్చింది, వీళ్ళకి వచ్చింది ఇంకొన్ని రోజులు కాళ్ళతో తొక్కే పని. "రైతు" అన్న ఒక్క మాట కింద ఎంతమంది కనపడకుండా పోతారో ఆయనకి అక్కడ తెలిసింది. ఆ రోజుల్లో అభివృద్ధి పుస్తకాల్లో పేదవాడంటే చిన్న రైతే. భూమి లేని ఆడమనిషికి అందులో పేజీ లేదు.

అప్పుడు గుడిసెల వైపు వెళ్ళారు. వెదురు పీటలు అల్లే ఒకావిడతో మాట్లాడారు. వెదురుకి 5 టాకాలు కావాలి. ఆ డబ్బు లేక దళారీ దగ్గర తీసుకుంటుంది. తీసుకున్నందుకు సాయంత్రానికి పీట అతనికే అమ్మాలి, అతను చెప్పిన ధరకే. ఆ ధర 5 టాకాల 50 పైసలు. రోజంతా అల్లితే మిగిలేది అర్ధ టాకా. తన విద్యార్థిని ఒకామెతో ఊరంతా తిరిగి ఇలా చిక్కుకున్నవాళ్ళ జాబితా రాయించారు. వారం పట్టింది. 42 మంది తేలారు. అందరికీ కలిపి కావాల్సిన డబ్బు 856 టాకాలు, ఆయన చెప్పే లెక్కలో 27 డాలర్లు. జేబులోంచి తీసి ఇచ్చారు.

ఈ 27 డాలర్ల కథ ప్రపంచమంతా తిరిగింది. తిరిగి తిరిగి నున్నగా అయిపోయింది. అందరికీ గుర్తున్నది దానం చేసిన చెయ్యి. నాకు మాత్రం ఆ తర్వాత ఆయన పడ్డ అసంతృప్తి ముఖ్యం. రేపు 43వ మనిషి వస్తే ఇంకో ప్రొఫెసరు దొరకాలా? జనతా బ్యాంకుకి వెళ్ళారు. చదువు రానివాళ్ళు ఫారాలు నింపలేరు, తాకట్టు పెట్టడానికేమీ లేదు, కుదరదన్నారు. అయితే నేనే హామీ ఉంటానన్నారు. ఆరు నెలలు తిరిగితే గానీ పని కాలేదు. 1976 డిసెంబరు నాటికి ఆయన హామీ మీద మొత్తం 10 వేల టాకాల దాకా ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకుంది.

ఇక అక్కడినుంచి జరిగిందంతా దిద్దుకోవడమే. మొదట వాయిదా రోజూ కట్టాలన్నారు, చిన్న మొత్తమైతే భారం అనిపించదని. వసూలుకి ఊరి నడుమ కిళ్ళీకొట్టు అతన్ని పెట్టారు. కొన్నాళ్ళకే గొడవలు. నేను కట్టానంటే లేదంటాడు, పుస్తకంలో రాయడం మర్చిపోయానంటాడు. అది తీసేసి వారానికొకసారి చేశారు. పరదా పాటించే ఇళ్ళలోకి మగవాడు వెళ్ళకూడదు కాబట్టి యూనస్ వాకిట్లో నిలబడితే, ఒక విద్యార్థిని లోపలికీ బయటికీ తిరుగుతూ ప్రశ్నలూ జవాబులూ మోసేది. అప్పు తీసుకునేవాళ్ళలో సగం మంది ఆడవాళ్ళుండాలని అనుకున్నారు. అది కుదరడానికే ఆరేళ్ళు పట్టింది. ఆ తర్వాత ఆడవాళ్ళ వాటా 95 శాతం దాటింది.

ఐదుగురి గ్రూపు ఆలోచన కూడా అలా కింద నుంచి పైకి వచ్చిందే. ఈ ఐదుగురూ ఒకర్నొకరు ఎంచుకున్నవాళ్ళు, బంధువులు కానివాళ్ళు. ముందు ఇద్దరికి అప్పు, వాళ్ళు సరిగ్గా కడుతుంటే తర్వాత ఇద్దరికి, చివరగా గ్రూపు పెద్దకి. జోబ్రాలో కుదిరిందాన్ని 1979లో టాంగైల్ జిల్లాకి తీసుకెళ్ళి చూశారు. అది ఆయన సొంత మనుషులుండే చోటు కాదు కాబట్టి అసలు పరీక్ష అక్కడే. 1983లో ప్రత్యేక ఆర్డినెన్సుతో గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. క్రమంగా అప్పు తీసుకునేవాళ్ళే బ్యాంకుకి యజమానులయ్యారు. డైరెక్టర్ల బోర్డులో తొమ్మిదిమంది వాళ్ళు ఎన్నుకున్న ఆడవాళ్ళే. 2006లో నోబెల్ శాంతి బహుమతి ఆయనకి సగం, బ్యాంకుకి సగం వచ్చినప్పుడు ఆస్లోలో బ్యాంకు తరఫున అందుకున్నది ఆ తొమ్మిదిమందిలో ఒకరైన తస్లీమా బేగం.

1998లో వచ్చిన వరద దేశంలో మూడింట రెండు వంతుల్ని వారాల తరబడి ముంచేసింది. చాలాచోట్ల వాయిదాలు ఆగిపోయాయి, మీటింగులకి రావడం మానేశారు. జనం చెడిపోయారని బ్యాంకు అనుకోలేదు. నియమాలే గట్టిపడిపోయాయని ఒప్పుకుని, కట్టలేనివాళ్ళకి గడువు పెంచి వాయిదా తగ్గించే పద్ధతి తెచ్చింది. ఒక సంస్థ ఇరవై ఏళ్ళు నడిచాక తన నియమాల్ని తనే విప్పి మళ్ళీ కట్టుకోవడం నేను ఎక్కువ చోట్ల చూడలేదు.

ఆయన పెట్టిన మిగతా వ్యాపారాల గురించి పొడుగ్గా చెప్పను. 1997 మార్చి 26న నార్వే కంపెనీ టెలినార్‌తో కలిసి గ్రామీణ్‌ఫోన్ మొదలైంది. అప్పుతో ఒక సెల్‌ఫోన్ కొనుక్కుని, ఊరందరికీ నిమిషానికింత అని మాట్లాడించి సంపాదించుకున్న పల్లెటూరి ఆడవాళ్ళు అందులో ఉన్నారు. సౌర దీపాలు, బోగ్రాలో పిల్లల కోసం పెరుగు ఫ్యాక్టరీ, ఇలా చాలా ఉన్నాయి. కొన్ని నిలిచాయి, కొన్ని అనుకున్నంత నిలవలేదు.

ఇక మన దగ్గరికి వస్తాను. ఇది దాటేసి యూనస్‌ని పొగిడే హక్కు తెలుగువాడికి లేదనుకుంటాను.

2009లో నేను డిగ్రీ చదువుతున్నాను. సెలవులకి గుంటూరు జిల్లాలో మా పిన్ని వాళ్ళ ఊరెళ్ళాను. మంగళవారం పొద్దున ఏడింటికి రామాలయం అరుగు మీద, గ్రామీణ బ్యాంకు పద్ధతిలో చిన్న అప్పులిచ్చే ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీ వారాల మీటింగు. ఆడవాళ్ళు ఐదుగురేసి వరుసల్లో కూర్చున్నారు. ఫైనాన్స్ అబ్బాయి కుర్చీలో, ఒళ్ళో రిజిస్టరు. పిన్ని వాళ్ళ వరుసలో నలుగురే ఉన్నారు. ఐదో ఆవిడ భర్తకి బాగోలేక గుంటూరు ఆస్పత్రిలో ఉంది. ఆవిడ కిస్తీ 260 రూపాయలు. అది తేలేదాకా ఎవరూ లేవకూడదు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. పనికి పోవాల్సినవాళ్ళు మిగతా వరుసల్లోంచి వీళ్ళని తిట్టడం మొదలుపెట్టారు. చివరికి నలుగురూ 65 చొప్పున వేసుకోవాలని తేల్చారు. ఒకామె దగ్గర 40 మాత్రమే ఉన్నాయి. తక్కువైన 25 కూడా పిన్నే కలిపి 90 ఇచ్చింది. ఇస్తూ ఆ అబ్బాయిని అడిగింది, "మనిషి ఆస్పత్రిలో ఉంటే ఒక్క వారం ఆగలేరా బాబూ?" అని. అతనికి నా వయసే ఉంటుంది. తల ఎత్తకుండా, "నాకు జీతంలో కోస్తారక్కా. లేకపోతే నేనెందుకు కూర్చోబెడతాను మిమ్మల్ని?" అన్నాడు. డబ్బు లెక్కపెట్టుకుని, పక్కూరి మీటింగుకి లేటయిందని బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఐదుగురి గ్రూపు, వారం వాయిదా, మీటింగు, అన్నీ జోబ్రావే. కిళ్ళీకొట్టు దగ్గర తప్పు కనపడగానే నియమం మార్చిన మనిషి మాత్రం ఆ అరుగు మీద లేడు. నియమం రాసినవాళ్ళు హెడ్డాఫీసులో ఉన్నారు. వాళ్ళకి కావాల్సింది వసూళ్ళ శాతం. ఆ అంకె చెడకూడదు. ఆ ఊళ్ళోనే మూడు కంపెనీలు తిరిగేవి. ఒకళ్ళ వాయిదా కట్టడానికి ఇంకొకళ్ళ దగ్గర తీసుకునేవాళ్ళు. పొదుపు అంటే మనకి తెలియనిదేం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద పోరాడారు, ఆ తర్వాత ఆ జిల్లాలోనే రోజుకో రూపాయి దాచుకునే సంఘాలు కట్టుకున్నారు. ఊరూరా డ్వాక్రా గ్రూపులున్న రాష్ట్రం. అలా వేసిన దారి మీదే ఈ కంపెనీలు బండ్లేసుకుని వచ్చాయి. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు యాభై దాకా బ్రాంచీలు మూయించారు. అయినా ఆగలేదు. 2010లో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్లు అమ్మి 1,600 కోట్లకు పైగా సమీకరించింది. అదే ఏడాది అప్పుల ఒత్తిడికి ఆత్మహత్యల వార్తలు వరసపెట్టి వచ్చాయి. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ కంపెనీలకి పగ్గాలేసే ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి.

దీనికి యూనస్ బాధ్యుడా? కాదు. పేదల అప్పులతో షేర్‌మార్కెట్ లాభాలు తియ్యడం తప్పని 2007 నుంచీ ఆయన గొంతు చించుకుని చెప్తూనే ఉన్నారు. కానీ ఒక బాధ్యత ఆయన మీద పడుతుందని నా అభిప్రాయం. అప్పు ఒక మానవ హక్కు అని, పేదరికాన్ని మ్యూజియంలో పెట్టచ్చని ఆయన ఊరూరా తిరిగి చెప్పారు. అప్పు ఒక్కటే అంత పని చేస్తుందని జనం నమ్మారు, పెట్టుబడిదారులు మరీ నమ్మారు. హైదరాబాద్‌లోనే 104 బస్తీలు తీసుకుని, అందులో 52 చోట్ల మైక్రోఫైనాన్స్ బ్రాంచీలు ముందుగా తెరిపించి, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం ఏళ్ళ తరబడి గమనించింది. అప్పటికే వ్యాపారం ఉన్న కొందరు పెంచుకున్నారు. కుట్టుమిషన్, ఫ్రిజ్ లాంటివి కొన్నారు. కానీ ఇంటి మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మిగతా దేశాల్లో చేసిన ఇలాంటి పరీక్షలూ దాదాపు అదే చెప్పాయి. కొంత మేలుంది, బతుకులు మారిపోయేంత కాదు.

గ్రామీణ బ్యాంకులో నిజంగా పనిచేసింది అప్పు కన్నా దాని చుట్టూ ఉన్న మనుషులేనని నాకు అనిపిస్తుంది. వారం వారం వచ్చి కూర్చునే ఉద్యోగి, పేరు పెట్టి పిలిచే పరిచయం, వరదొస్తే నియమం మార్చే యాజమాన్యం, ఇవన్నీ కలిస్తేనే ఆ అప్పు మేలు చేసింది. ఇవి లేనిచోట అప్పు అప్పే.

ఇప్పుడు ఢాకా సంగతి. రాజకీయం ఆయన్ని చాలాసార్లు పిలిచింది. 1996లో ఎన్నికల ముందు ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వంలో మూడు నెలలు సలహాదారుగా పనిచేశారు. 2007 ఫిబ్రవరిలో నాగరిక్ శక్తి అని పార్టీ పెడతానని ప్రజలకి బహిరంగ లేఖలు రాశారు. మే మొదట్లోనే మానుకున్నారు. ఆ రెండున్నర నెలలకి ఆయన పెద్ద ధరే చెల్లించారు. ఆ తర్వాత ప్రధాని అయిన షేక్ హసీనా ఆయన్ని పేదల రక్తం పీల్చేవాడని అన్నారు. 2011లో అరవై దాటాయన్న కారణం చూపి గ్రామీణ బ్యాంకు నుంచి పంపేశారు. వందకు పైగా కేసులు పడ్డాయి. 2024 జనవరి 1న కార్మిక చట్టం కేసులో ఆరు నెలల శిక్ష వేశారు. ఆగస్టు 7న అప్పీలులో అది కొట్టేశారు. మర్నాడు ఆయన ప్రభుత్వాధినేతగా ప్రమాణం చేశారు. వయసు 84. అంతకుముందు వారాల్లో, హసీనాని దించిన విద్యార్థుల తిరుగుబాటులో, వీధుల్లో 1,400 మంది దాకా చనిపోయి ఉండచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా. ఆ స్థితిలో ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకోవడమే త్యాగం. అది కాదనేవాళ్ళతో నేను వాదించను.

ఆర్థికవేత్తగా ఆయనకి తెలిసిన పనులు బాగానే నడిచాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)లో పనిచేసిన అహ్‌సాన్ మన్సూర్‌ని సెంట్రల్ బ్యాంకు గవర్నరుగా పెట్టి, దోచేసిన బ్యాంకుల మీద దృష్టి పెట్టారు. 2024 జులైలో 11.66 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 2025 జూన్‌కి 8.48కి దిగింది. విదేశాల్లో పనిచేసేవాళ్ళు ఆ ఆర్థిక సంవత్సరంలో 30 బిలియన్ డాలర్లు ఇంటికి పంపారు. అదొక రికార్డు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. దీని గురించే నాకు దిగులు. సంస్కరణల కోసం ఆయన వేసిన కమిషన్లలో ఆడవాళ్ళ హక్కుల మీద ఒకటుంది. 2025 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. మే 3న ఢాకాలో హెఫాజత్-ఎ-ఇస్లాం అనే ఇస్లామిక్ మతసంస్థ పెద్ద సభ పెట్టి ఆ కమిషన్‌నే రద్దు చెయ్యమంది. పార్టీల మధ్య ఏకాభిప్రాయం కోసం చర్చకి పెట్టిన ఆరు కమిషన్ల నివేదికల్లో ఆడవాళ్ళ కమిషన్‌ది లేదు. పరదా వెనక నుంచి మాట్లాడే ఆడవాళ్ళని మీటింగుకి రప్పించడానికి ఏళ్ళ తరబడి వాకిట్లో నిలబడిన మనిషి ఆయనే. మతపెద్దలు వద్దన్నా, మొగుళ్ళు వద్దన్నా వెనక్కి తగ్గని మనిషి. ఆయన ప్రభుత్వంలోనే ఆ మాట బల్ల మీదకి రాకుండా పోవడం చదివినప్పుడు నాకు గోడ పక్కన చోటు కోసం వచ్చిన ఆడవాళ్ళే గుర్తొచ్చారు.

ఆయన మారిపోయారని కొందరంటారు. నేనలా అనుకోను. ఐదుగురి గ్రూపు నడవడానికి కారణం ఆ ఐదుగురూ ఒకర్నొకరు ఎంచుకోవడం. ఇష్టం లేనివాళ్ళు చేరరు, చేరినా బయటికి పోవచ్చు. ఊళ్ళో మౌల్వీ వద్దంటే యూనస్ మనుషులు పక్కూరికి వెళ్ళి ఓపికగా ఎదురుచూసేవాళ్ళు. దేశానికి పక్కూరుండదు. 17 కోట్ల మందిలో వద్దనేవాళ్ళు, కొట్టడానికి వచ్చేవాళ్ళు, పాత లెక్కలు తేల్చుకోవాలనుకునేవాళ్ళు అందరూ సభ్యులే. ఒక ఊళ్ళో చేసి చూసి, తప్పయితే దిద్దుకుని, టాంగైల్‌కి తీసుకెళ్ళే వీలు రాజ్యాంగానికి లేదు. అందరినీ ఒక మాట మీదకి తేవాలన్న ఆశతో ఆయన నెలల తరబడి పార్టీలని కూర్చోబెట్టారు. 2025 అక్టోబరు 17న జులై చార్టర్ అనే సంస్కరణల ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన విద్యార్థులు పెట్టుకున్న పార్టీ ఆ రోజు సంతకం చెయ్యలేదు.

ఒక విషయంలో మాత్రం ఆయన్ని సమర్థించలేను. ఆయన అధికారంలో ఉండగానే గ్రామీణ బ్యాంకుకి 2029 చివరిదాకా పన్ను మినహాయింపు వచ్చింది. బ్యాంకులో ప్రభుత్వ వాటాని 25 శాతం నుంచి 10 శాతానికి తగ్గించే ఆర్డినెన్సుకి ఆయన మంత్రిమండలే ఒప్పుకుంది. బ్యాంకు పక్షాన నిలబడి చూస్తే రెండూ న్యాయమే అయ్యుండచ్చు. హసీనా ప్రభుత్వం ఆ బ్యాంకుకి చేసిన అన్యాయాన్ని సరిచేశారని కూడా అనచ్చు. కానీ తను కట్టిన ఇంటికి సంబంధించిన కాగితం తన ప్రభుత్వం ముందుకి వచ్చినప్పుడు, ఎన్నికైన పార్లమెంటు వచ్చేదాకా దాన్ని పక్కన పెట్టాల్సింది. సంస్థ పెట్టినవాడికి అది బిడ్డలాంటిది. ప్రభుత్వం నడిపేవాడికి అలాంటి బిడ్డ ఉండకూడదు. ఈ రెండు ధర్మాలూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఎంత నిజాయితీపరుడికైనా ఇబ్బందే.

"చదువుకున్నవాళ్ళు, కంపెనీలు నడిపి గెలిచినవాళ్ళు పాలనలోకి వస్తే అన్నీ బాగుపడతాయి" అనే మాట ఇప్పుడు వింటే నాకు ఆ అరుగు, ఢాకా రెండూ కలిసి గుర్తొస్తాయి. రావద్దని అనను. వస్తే, గెలిచిన చోట తమని గెలిపించింది ఏమిటో ముందు తెలుసుకుని రావాలంటాను. యూనస్‌ని గెలిపించింది పీహెచ్‌డీ కాదు, ఫ్యాక్టరీ అనుభవమూ కాదు. ఒక ఊళ్ళో ఏళ్ళ తరబడి తప్పులు చేసే తీరిక, వాటిని అక్కడే చూసి దిద్దుకునే దగ్గరతనం గెలిపించాయి. ఆ రెండూ ఏ ప్రధాని కుర్చీకీ ఉండవు. అందుకే ఆ కుర్చీ కింద పంచాయతీలు, సంఘాలు, ప్రశ్నించే పత్రికలు, ఓడించగల ఓటర్లు ఉండాలి. 2026 ఫిబ్రవరి 12న ఎన్నికలని ప్రకటన వచ్చినప్పుడు నాకు పెద్ద ఊరట కలిగింది. ఆయన కోసం కూడా.

మొన్న పిన్నితో ఫోన్లో మాట్లాడుతూ, ఆ వారాల లోన్లు కనిపెట్టినాయన ఒక దేశాన్ని నడిపాడని చెప్పాను. "అంత పెద్దాయనా? మరి మా అరుగు మీదకి ఒక్కసారి రాకపోయాడే" అంది. ఆ మంగళవారం రాని ఐదో ఆవిడ తర్వాత ఏడాదికి ఊరు వదిలి వెళ్ళిపోయిందట. ఆవిడ డ్వాక్రా గ్రూపులో కూడా ఉండేది. ఆ గ్రూపు ఇప్పటికీ నడుస్తోంది. ఆవిడ ఖాళీలో పన్నెండో మనిషిగా ఎవరిని చేర్చుకోవాలన్న దాని మీద పదకొండుమందీ మూడు వారాలు మాట్లాడుకున్నారట. మూడో వారం కూడా తేలకపోతే, ఇద్దరు ఆ కొత్తామె ఇంటికి వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుని వచ్చారట.